ఆవాజ్ పెట్టె తారీఖ్, దాని బీమారీలు

మా ఇంట్లో ఇనప సందూక్‌లో పదకొండు క్యాసెట్లున్నాయి. మర్హూమ్ అబ్బా దమ్మామ్‌లో ఉన్న రోజుల్లో ఖత్ రాయడానికి బదులు మాట్లాడి పంపినవి. ఆయన గొంతు ఈ దునియాలో మిగిలింది వాటిలోనే. పోయిన రంజాన్‌కి ముందు అమ్మీ ఒకసారి వినాలంది. అబ్బా తెచ్చిన ఆంప్లిఫయర్, డెక్, రెండు స్పీకర్లు అటక మీద నుంచి దించాం. స్విచ్ వేస్తే "భుమ్‌మ్" అని ఒకటే మోత. కుడి స్పీకర్ మూగ. వాల్యూమ్ గుండ్రం తిప్పితే పెనం మీద శనగలు పేలినట్టు చిటపట. మిస్త్రీకి చూపిస్తే, "దీని జమానా అయిపోయింది భాయ్, బ్లూటూత్‌ది కొనుక్కోండి" అన్నాడు.

కొనుక్కోవచ్చు. కానీ ఆ క్యాసెట్లు బ్లూటూత్‌లో పట్టవు కదా. అందుకని నేనే విప్పి కూర్చున్నాను. నాకు ఈ ఇల్మ్ ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నది కాదు, షౌక్‌తో అబ్బినది. విప్పుతూ పోతుంటే ఒక సంగతి తెలిసింది. ఆంప్లిఫయర్‌కి వచ్చే ప్రతి బీమారీ వెనకా ఒక తారీఖ్ ఉంది. ఏ కాలంలో ఏ భాగం దాంట్లోకి వచ్చిందో తెలిస్తే, ఏది ఎలా ఖరాబవుతుందో సగం తెలిసిపోతుంది.

మన తాతల కాలపు గ్రామఫోన్‌కి ఆంప్లిఫయర్ లేదు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడినప్పుడు పెద్ద బాకాలోకి గొంతెత్తి పాడాల్సి వచ్చింది. ఆ గొంతు బలంతోనే సూది కదిలి రికార్డు మీద గీత పడింది. ఇంట్లో వినేటప్పుడూ అంతే. సూది కదలిక పల్చటి రేకుకి, రేకు నుంచి బాకాకి. కరెంటు ఊసే లేదు కనుక "భుమ్" అనే రోగమూ లేదు. స్ప్రింగు తెగడం, సూది అరగడం, ఆ రెండే దాని బాధలు.

రోగం పుట్టింది 1906లో. లీ డి ఫారెస్ట్ అనే అమెరికన్ గాజు బల్బులో వేడెక్కే తీగకీ రేకుకీ మధ్య మూడో ముక్కగా ఒక జాలీ పెట్టాడు. అది ఎందుకు పని చేస్తుందో ఆయనకే సరిగా తెలీదు. తర్వాత ఇంకొందరు దాన్ని సవరించి, 1912 నాటికి చిన్న సంకేతాన్ని పెద్దది చేయడానికి వాడటం మొదలుపెట్టారు. దీని హిక్మత్ సాగర్ కాలువ తూము లాంటిది. తూము షట్టర్ తిప్పేది ఒక మనిషి చెయ్యి. పొలంలోకి దూకే నీళ్ళు మాత్రం డ్యాము నుంచి వచ్చినవి. జాలీ మీదికి వచ్చే సన్నటి సంకేతం షట్టర్ తిప్పే చెయ్యి. స్పీకర్లోకి పారేది గోడ ప్లగ్గులోని కరెంటు.

అంటే స్పీకర్లోంచి మనం వినేది పాడినవాడి గొంతు కాదు. గోడ కరెంటు ఆ గొంతు రూపం తొడుక్కుని బయటికొస్తోంది. ఇది మన ఉలమాని ఏళ్ళ తరబడి తిప్పలు పెట్టిన ప్రశ్న. మస్జిదుల్లోకి లౌడ్‌స్పీకర్ వచ్చినప్పుడు అజాన్ దగ్గర కన్నా నమాజ్ దగ్గర బహస్ ఎక్కువ జరిగింది. వెనక సఫ్‌లో ఉన్న ముఖ్తదీ వింటున్నది ఇమామ్ అసలు ఆవాజేనా, లేక దాని నఖలా? నఖలైతే దాన్ని అనుసరించి రుకూలోకి వెళ్తే నమాజ్ అవుతుందా? ముఫ్తీ ముహమ్మద్ షఫీ సాహెబ్ 'ఆలాత్-ఎ-జదీదా' మీద ఒక కితాబే రాశారు. మొదట కఠినంగా ఉన్న ఆయన, ఆ విద్య తెలిసినవాళ్ళని అడిగి తెలుసుకున్నాక మెత్తబడ్డారు. నేటికీ నమాజ్‌లో మైక్ వాడని జమాతులున్నాయి. ఫతావా సంగతి ఉలమాకే వదిలేద్దాం. నన్నడిగితే వాళ్ళు అడిగిన ప్రశ్న ఇంజనీరు అడగాల్సిన ప్రశ్నే. స్పీకర్లో వచ్చేదాంట్లో ఎంత వంతు ఇమామ్‌ది, ఎంత వంతు గోడది? "భుమ్" మోత అంటే ఆ రెండో వంతు దాక్కోకుండా బయటపడటమే.

మన దేశంలో గోడ కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆంప్లిఫయర్‌కి ఊగని కరెంటు కావాలి. కాబట్టి దాన్ని ఒకే దిక్కుకి తిప్పి, పెద్ద డబ్బా లాంటి కెపాసిటర్‌లో నింపి, అలలు లేకుండా చేస్తారు. మన ఇంటి మీద నీళ్ళ ట్యాంకు లాంటిదే. మునిసిపాలిటీ నీళ్ళు వచ్చీ పోయీ ఉన్నా కుళాయి సమంగా పారుతుంది. ఆ డబ్బా లోపల తడి రసాయనం ఉంటుంది. ఇరవై, ముప్ఫై ఏళ్ళకి, అందులోనూ వేడి తగులుతుంటే, అది ఎండిపోతుంది. ట్యాంకు చిన్నదైపోయి అలలు బయటికొస్తాయి. సెకనుకి 100 చొప్పున వచ్చే ఆ అలలే మనం వినే మోత.

మోత వినగానే కెపాసిటర్లు మార్చేయకండి. ముందు వాల్యూమ్ పూర్తిగా సున్నాకి తిప్పండి. మోత అలాగే ఉంటే రోగం పెట్టె లోపలుంది, చాలాసార్లు ఆ డబ్బాలదే. వాల్యూమ్‌తో పాటు పెరిగీ తగ్గీ ఉంటే అది బయట నుంచి, అంటే డెక్ నుంచో టీవీ నుంచో వచ్చే తీగలోంచి వస్తోంది. వెనకున్న తీగలన్నీ పీకేసి ఒక్కొక్కటే పెట్టి చూడండి. ఏది పెట్టగానే మోత మొదలైతే అదే దొంగ. ఈ రోజుల్లో ఎక్కువగా దొరికే దొంగ టీవీ కేబులు. వీధిలోంచి వచ్చే కేబులుకి ఒక ఎర్త్, మన ఇంటి ప్లగ్గుకి ఇంకో ఎర్త్, రెంటి మధ్యా కరెంటు తిరుగుతుంది. కేబులు తీసేస్తే మోత ఆగిపోతుంది. కొందరు దీనికి మందుగా ప్లగ్గులోని మూడో పిన్ను విరిచేస్తారు. అది జాన్‌తో చెలగాటం, ఎప్పుడూ చేయొద్దు.

రేడియోల జమానాకి వద్దాం. నిజాం రాజ్యంలో దక్కన్ రేడియో ఉండేది. 1950లో అది ఆలిండియా రేడియోలో కలిసింది. విజయవాడ కేంద్రం అంతకు ముందే, 1948 డిసెంబరులో మొదలైంది. మన ఇళ్ళలోకి ఆంప్లిఫయర్ ముందుగా వచ్చింది ఈ రేడియో కడుపులోనే. పోస్టాఫీసులో లైసెన్సు కట్టి పెట్టుకునే పెద్ద చెక్క పెట్టె. స్విచ్ వేస్తే అర నిమిషం మౌనం, వాల్వులు ఎర్రబడేదాకా. ఆ తర్వాత షేక్ నాజర్ బుర్రకథో, షేక్ చినమౌలానా నాదస్వరమో గదంతా నిండేది. నాదస్వరానికీ బుర్రకథకీ మన పేర్లే పెద్ద పేర్లు కావడం పక్కింటివాళ్ళకి ఆశ్చర్యంగా ఉండేదేమో, మన దాదాలకి కాదు.

ఆ వాల్వులు చాలావరకు బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళు చేసినవే. వాల్వు బల్బు లాంటిది, వయసైతే నీరసపడుతుంది. గొంతు సన్నగిల్లిందంటే చివరి వాల్వు అలిసిపోయిందని. గాజు మీద వేలితో తడితే స్పీకర్లో "టంగ్" అని మోగిందంటే లోపలి జాలీ వదులైందని. ఇవన్నీ కళ్ళకీ చెవికీ దొరికే రోగాలు, అందుకే ఆ కాలంలో ఊరికొక రేడియో మామూ ఉండగలిగాడు. కానీ ఆ పెట్టె లోపల 250 వోల్టుల పైమాట. కొన్ని చవక సెట్లలో అయితే ట్రాన్స్‌ఫార్మరే లేదు. ప్లగ్గు తిరగేసి పెడితే లోపలి ఇనప చట్రమంతా నేరుగా గోడ కరెంటే. గుండ్రాలు ఊడిపోయిన రేడియోని ముట్టుకుని షాక్ తిన్న పిల్లలు ప్రతి మొహల్లాలోనూ ఉన్నారు. అటక మీద అలాంటి పాత రేడియో ఉంటే, సరదాకి కూడా నేరుగా ప్లగ్గులో పెట్టకండి.

1927 ఆగస్టు 2న హెరాల్డ్ బ్లాక్ అనే యువ ఇంజనీరు న్యూయార్క్‌లో హడ్సన్ నది దాటే పడవలో డ్యూటీకి వెళ్తున్నాడు. ఆంప్లిఫయర్ గొంతుని ఎలా వికృతం చేయకుండా ఉంటుందా అని ఏళ్ళుగా తల బద్దలు కొట్టుకుంటున్నవాడు. హఠాత్తుగా తట్టింది. బయటికొచ్చిన దాంట్లో కొంచెం వెనక్కి తెచ్చి లోపలికి వెళ్ళేదానితో పోల్చాలి, తేడా ఎంతుందో అంత సరిదిద్దాలి. చేతిలోని అఖ్బార్ పేజీ మీదే గీసుకున్నాడు. హిఫ్జ్ చేసే షాగిర్ద్ తాను చదివింది ఉస్తాద్‌కి తిరిగి వినిపించి తప్పు దిద్దుకోవడం లాంటిదే. ఇప్పుడు మన ఇళ్ళలో ఉన్న దాదాపు ప్రతి ఆంప్లిఫయర్‌లోనూ ఈ ఏర్పాటుంది. మిస్త్రీలని ఏడిపించేదీ ఇదే. ఒక మూలన పావలా ముక్క పోయినా, దాన్ని సరిదిద్దబోయి మిగతా పెట్టె అంతా వంకర్లు పోతుంది. ఎక్కడ కొలిచినా తప్పే కనిపిస్తుంది, అసలు తప్పు ఎక్కడో తెలీదు.

1947 డిసెంబరులో బెల్ లాబ్స్‌లో ట్రాన్సిస్టర్ పుట్టింది. వేడి తీగలు, గాజు, 250 వోల్టులు, అన్నీ పోయాయి. పెట్టె చిన్నదైంది, చవకైంది. దాంతోనే ఒక కొత్త ఖతర్ వచ్చింది. వాల్వు ఆంప్లిఫయర్‌కీ స్పీకర్‌కీ మధ్య ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది. లోపల ఏం కాలినా అది ఊగని కరెంటుని స్పీకర్ దాకా పోనిచ్చేది కాదు. ట్రాన్సిస్టర్ల కాలంలో ఆ అడ్డు తీసేశారు. ఇప్పుడు చివరి ట్రాన్సిస్టర్ కాలి షార్టయితే లోపలి కరెంటంతా తిన్నగా స్పీకర్‌లోకి. స్పీకర్ కాయిల్ పొగ. అందుకే మంచి సెట్లలో ఒక రిలే పెట్టారు. స్విచ్ వేసిన మూడు నాలుగు సెకన్లకి "టిక్" అనే చప్పుడు అదే. అంతా సవ్యంగా ఉందని చూసుకున్నాకే స్పీకర్‌ని కలుపుతుంది.

ఆ "టిక్" మీద చెవి పెట్టండి. దీపం వెలిగి టిక్ రాలేదంటే రిలే చెడిందని అనుకోకండి, చాలాసార్లు అది తన డ్యూటీ చేస్తోంది. లోపల ఏదో కాలింది, స్పీకర్ని కాపాడుతోంది. కొందరు మిస్త్రీలు ఆ రిలేని తీగతో కలిపేసి "అయిపోయింది" అంటారు. మర్నాడు స్పీకర్లు కూడా పోతాయి. టిక్ వచ్చి కూడా ఒక వైపు ఆవాజ్ లేకపోతే, ముందు వెనక తీగలు ఎడమవి కుడికీ కుడివి ఎడమకీ మార్చండి. మూగతనం కూడా వైపు మారిందా, అయితే తప్పు డెక్‌దో తీగదో. మారకపోతే ఇప్పుడు స్పీకర్ల తీగలు మార్చండి, కానీ పెట్టె ఆపేసి. ఈ రెండు మార్పులతో పైసా ఖర్చు లేకుండా రోగం ఏ గదిలో ఉందో తేలుతుంది. మా పెట్టెలో అది లోపలే ఉంది. చిన్నగా పెడితే కుడి వైపు ఆవాజ్ రాదు, ఒక్కసారి పెద్దగా పెడితే "ఫట్" మని వచ్చేస్తుంది, మళ్ళీ పోతుంది. ఇది రిలే ముళ్ళ మీద పేరుకున్న మసి. కొత్త రిలే నూట యాభై రూపాయలు.

హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్తే ఇలాంటి ముక్కలు ఇప్పటికీ దొరుకుతాయి. పాత రిలేని చేతిలో పట్టుకెళ్ళాలి, దాని మీద రాసిన వోల్టులే కొత్తదాని మీదా ఉండాలి. కెపాసిటర్ అయితే మైక్రోఫారడ్ దరిదాపుల్లో ఉండాలి, వోల్టులు అంతే లేదా అంతకన్నా ఎక్కువ. ప్లస్, మైనస్ తారుమారైతే అది పటాకీలా పేలుతుంది.

ఇక గల్ఫ్. ఈ తారీఖ్‌లో మన వాటా ఇదే అనిపిస్తుంది నాకు. 1973 తర్వాత చమురు ధర పెరిగి అక్కడ పనులు పుట్టాయి. కడప, రాయచోటి, కరీంనగర్, హైదరాబాద్ పాతబస్తీ, గోదావరి జిల్లాల నుంచి మనవాళ్ళు వెళ్ళారు. ఫోను కలవాలంటే గంటలు, ఖత్ చేరాలంటే వారాలు. చదువు రాని అమ్మలకి ఖత్ ఇంకొకరు చదివి వినిపించాలి, ఇంటి గుట్టు వీధిపాలు. ఫిలిప్స్ వాళ్ళు 1963లో తెచ్చిన క్యాసెట్ ఈ చిక్కు తీర్చింది. ఒక వైపు ఆయన మాట్లాడి పంపితే, రెండో వైపు ఇక్కడి వాళ్ళు మాట్లాడి, ఊరికెళ్ళేవాళ్ళ చేతికిచ్చి పంపేవాళ్ళు. సెలవులకి వచ్చేటప్పుడు సెట్టు తెచ్చేవాళ్ళు. బంగారం బీరువాలోకి పోయేది, సెట్టు హాల్లో ఉండేది, దాని మీద అమ్మీ కుట్టిన లేసు గిలాఫ్. అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ ఖవ్వాలీ పెడితే మొహల్లాకి తెలిసేది ఎవరింటికి ఎవరొచ్చారో.

ఆ సెట్ల మొదటి చావు చాలాసార్లు వచ్చిన రోజే. సౌదీలో అప్పట్లో ఇళ్ళలో 127 వోల్టులు, సెకనుకి 60 ఊపులు. మన దగ్గర 230, 50. సెట్టు వెనక చిన్న ఎర్ర మీటనో గుండ్రమో ఉండేది, 110, 127, 220, 240 అని. విమానం దిగిన సంబరంలో అది తిప్పడం ఎవరికి గుర్తుంటుంది? ప్లగ్గు పెట్టగానే ఒక మెరుపు, కాలిన వాసన. అదృష్టం ఉంటే ఫ్యూజ్ పోయేది, లేకుంటే ట్రాన్స్‌ఫార్మర్. మా మామూది అలాగే పోయింది, కువైట్ నుంచి వచ్చిన పక్కింటివాళ్ళది పోలేదు. కువైట్‌లో కరెంటు మనలాగే 240, 50. మామూ చాలా ఏళ్ళు దాన్ని నజర్ అనే అనుకున్నాడు. ఇప్పటికీ గల్ఫ్ సెట్టు ఏది దించినా, ముందు ఆ మీట చూడండి. పిల్లలు ఆడుతూ తిప్పేసి ఉండొచ్చు. 60 కోసం చేసిన కొన్ని రికార్డు ప్లేయర్లు ఇక్కడ ఆరింట అయిదో వంతు వేగంతోనే తిరుగుతాయి, రఫీ సాహెబ్ గొంతు కూడా నిద్రమత్తులో ఉన్నట్టుంటుంది. అది మోటారు రోగం కాదు, దేశం తేడా.

రెండో చావు ఆ లేసు గిలాఫ్. ఆంప్లిఫయర్ మీది చిల్లులు వేడి పోవడానికి. గుడ్డ కప్పితే లోపల ఉడుకుతుంది, కెపాసిటర్లు ఎండుతాయి, వేడెక్కే ముక్కల దగ్గర టంకం పగులుతుంది. పది నిమిషాలు పాడి ఆగిపోయి, చల్లారాక మళ్ళీ పాడే సెట్టు అలాంటిదే. ఎనభైల నుంచి చాలా సెట్లలో ట్రాన్సిస్టర్ల బదులు ఎస్‌టీకే అని మొదలయ్యే ఒకే నల్ల బిళ్ళ వచ్చింది. దానికి వేడి అంటే ఇంకా పడదు. అది కాలితే అదే నంబరుది కావాలి, బజారులో దొరికేవాటిలో నకిలీలే ఎక్కువ. ఒక అర్ధరాత్రి మా సెట్టు హఠాత్తుగా ఆగింది, విప్పి చూస్తే బల్లి. వెచ్చగా ఉంటుందని చేరి రెండు కాళ్ళ మధ్య పడి, తానూ పోయి ఫ్యూజునీ తీసుకుపోయింది. ఫ్యూజ్ పోతే అదే ఆంపియర్లది వేయాలి. సిగరెట్ రేకు చుట్టి పని నడిపించిన జమానా ఒకటుంది, ఆ జమానాలో కాలిన ట్రాన్స్‌ఫార్మర్లకి లెక్క లేదు.

చిటపట మాత్రం ఏ కాలంలోనూ మారలేదు. వాల్యూమ్ గుండ్రం లోపల బొగ్గు పూసిన దారి, దాని మీద జారే రేకు. దుమ్ము చేరితే చిటపట. పెట్టె ఆపి, కాంటాక్ట్ క్లీనర్ రెండు చుక్కలు లోపలికి కొట్టి, ముప్ఫై నలభై సార్లు అటూ ఇటూ తిప్పితే చాలావరకు పోతుంది. కొబ్బరి నూనె వేసేవాళ్ళున్నారు, వారం బాగుంటుంది, తర్వాత దుమ్మంతా దానికే అంటుకుంటుంది. తిప్పకపోయినా చిటపట వస్తుంటే అది గుండ్రం కాదు, లోపల టంకం పగుల్లు.

విప్పే ముందు ఒక మాట. ప్లగ్గు తీసినా ఆ పెద్ద డబ్బాల్లో కరెంటు నిలిచి ఉంటుంది, కొన్ని నిమిషాలు ఆగి, మల్టీమీటర్‌తో సున్నాకి వచ్చిందని చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. బాగు చేశాక మొదటిసారి నేరుగా ప్లగ్గులో పెట్టకూడదు. పాత మిస్త్రీల బల్ల మీద 100 వాట్ల బల్బు సిరీస్‌లో వేలాడుతుండేది, అది ఊరికే కాదు. లోపల షార్టుంటే బల్బు పూర్తిగా వెలిగి సెట్టుని కాపాడుతుంది. అంతా సవ్యమైతే ఒకసారి మెరిసి ఎర్రగా కునికిపాట్లు పడుతుంది. ఆ తర్వాత స్పీకర్ తీగలు తగిలించకుండానే ఆ జాగాలో డీసీ వోల్టులు కొలవండి. సున్నాకి దగ్గరగా ఉండాలి. అర వోల్టు దాటి కనిపిస్తే స్పీకర్ పెట్టొద్దు, తెలిసినవాడికి ఇవ్వండి. వాల్వు సెట్టయితే మొదటి నుంచే తెలిసినవాడికి ఇవ్వండి.

మా దాంట్లో రెండు పెద్ద కెపాసిటర్లు, రిలే మార్చాను, గుండ్రం శుభ్రం చేశాను. డెక్‌కి బెల్టు వేయించి, ముందు పనికిరాని పాత క్యాసెట్‌తో పరీక్షించాను, అబ్బా క్యాసెట్ దాని నోట్లో పెట్టే ధైర్యం అప్పుడొచ్చింది. వాల్యూమ్ సున్నాలో ఇప్పుడు మోత లేదు. క్యాసెట్ తిరగడం మొదలైంది. అబ్బా సలాం చెప్పాడు, దాదీ మోకాళ్ళ నొప్పి అడిగాడు, నా లెక్కల మార్కులు అడిగాడు. అమ్మీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అబ్బా మాటల వెనక ఇంకా సన్నగా ఒక "మ్‌మ్" ఉంది. నాకు గుండె ఝల్లుమంది, కొత్త కెపాసిటర్ పోయిందా అని. క్యాసెట్ ఆపాను. మోత ఆగిపోయింది. మళ్ళీ పెట్టాను, వచ్చింది. మన ఇంటి మోత కన్నా ఒక మెట్టు పైన, సా నుంచి కోమల్ గాంధార్ అంత ఎత్తు. యాభైకీ అరవైకీ ఉన్న తేడా అంతే. అది మా ఆంప్లిఫయర్‌ది కాదు, దమ్మామ్‌లో అబ్బా ఉన్న గది గోడలోని కరెంటు. టోన్ గుండ్రం కొంచెం తిప్పితే తగ్గేది. అమ్మీ, "ఉండనీరా, అలాగే ఉండనీ" అంది. రెండో వైపు తిప్పాను.